దున్నని సేంద్రియ మడిలో పోషక లోపాలు: మట్టిని కదపకుండా సరిదిద్దే పద్ధతి

బెంగళూరులో మిద్దె మీదనో, ఇంటి వెనుక మిగిలిన నాలుగడుగుల నేలలోనో గోంగూర, తోటకూర, వంగ, మిరప పెంచుకునే తెలుగువాళ్లలో కొందరు మట్టిని తవ్వడం పూర్తిగా మానేశారు. ఒకసారి మడి కట్టి, పైన ఎండుటాకులూ గడ్డీ కప్పి, పంట అయిపోయాక మొక్కను మొదలు దగ్గర కోసి, వేళ్లను లోపలే వదిలి, ఆ పక్కనే కొత్త నారు నాటుతున్నారు. మడి పచ్చగా ఉన్నంతకాలం ఈ పద్ధతిలో ఏ చిక్కూ ఉండదు. ఆకు పసుపెక్కిన రోజున మాత్రం ఏం చేయాలో తోచదు, ఎందుకంటే ఎరువు చల్లి మట్టిలో కలిపేయడానికి ఇక్కడ వీలు లేదు.

అటువంటప్పుడు పాటించవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఏళ్ల తరబడి కంపోస్టు పడుతున్న మడిలో పోషకం బొత్తిగా లేకపోవడం అరుదు. ఉన్నది వేరుకు అందకపోవడమే తరచుగా జరుగుతుంది. కనుక అడ్డు ఎక్కడుందో ముందు కనుక్కోవాలి, దాన్ని తొలగించాలి, ఆ తర్వాతే ఏదైనా వేయాలి. వేసేదాన్ని కూడా పైనుంచే, కొద్దికొద్దిగా వేయాలి.

మట్టిని ఎందుకు కదపకూడదు

మైకోరైజా అనే శిలీంధ్రం వేరులోకి చొచ్చుకొని, అక్కడి నుంచి వెంట్రుక కంటే సన్నని పోగులను మట్టిలోకి పంపుతుంది. వేరు చేరలేని సందుల్లో ఉన్న భాస్వరాన్నీ జింకునూ ఆ పోగులు తెచ్చి మొక్కకు ఇస్తాయి, బదులుగా మొక్క తయారుచేసుకున్న చక్కెరను పుచ్చుకుంటాయి. పార పడిన ప్రతిసారీ ఆ పోగులు తెగిపోతాయి. బెంగళూరు చుట్టుపక్కల ఉన్న ఎర్రమట్టిలో ఈ నష్టం మరింత ఎక్కువ, ఎందుకంటే ఆ మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి.

అయితే ఈ శిలీంధ్రం అన్ని మొక్కలతోనూ కలవదు. క్యాబేజీ, ముల్లంగి, ఆవ వంటి వాటికీ, తోటకూర, పాలకూరలకూ దానితో పొత్తు లేదు. అందుకే ఒకే మడిలో వంగ నిగనిగలాడుతుండగా పక్కనున్న ముల్లంగి భాస్వరం చాలక ఊదారంగు తిరగవచ్చు. మైకోరైజా పొడి కొని ఆకుకూరల మడిలో చల్లడం డబ్బు దండగ. వంగ, టమాట, మిరప, చిక్కుడు నాటేటప్పుడు వేరుకు తగిలేలా గుంతలో వేస్తేనే దానికి ప్రయోజనం ఉంటుంది.

మొదటి మెట్టు: ఏ ఆకు చెబుతోందో చూడాలి

పసుపు రంగును చూడగానే ఎరువు సంచి వైపు చేయి చాచవద్దు. ఆ పసుపు మొక్కలో ఎక్కడ మొదలైందో చూడండి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం తక్కువైనప్పుడు మొక్క వాటిని పాత ఆకుల నుంచి లాగి చిగురుకు పంపుతుంది, కనుక ఆ లోపాలు కింది ఆకుల్లో ముందుగా బయటపడతాయి. కాల్షియం, ఇనుము, బోరాన్, మాంగనీసు, గంధకం అంత సులువుగా కదలవు కనుక వాటి లోపం పై ఆకుల్లో, చిగురులో కనిపిస్తుంది.

ఉదయపు ఎండలో ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి ఈనెలను చూడండి. కింది ఆకు ఈనెలతో సహా మొత్తంగా పాలిపోయి, కాండం సన్నబడితే అది నత్రజని లోపం. అదే పాలిపోవడం మొత్తంగా పై ఆకుల్లో ఉంటే గంధకాన్ని అనుమానించాలి. కింది ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం. పై ఆకులో అదే తీరు, సన్నని ఈనెలు కూడా ఆకుపచ్చ వలలా స్పష్టంగా కనబడుతుంటే ఇనుము. కింది ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగితే పొటాష్. ఆకు ముదురు పచ్చగా ఉండి అడుగున ఊదారంగు వస్తే భాస్వరం. కొత్త ఆకులు చిన్నవైపోయి, కణుపులు దగ్గరదగ్గరగా వచ్చి, కొమ్మ చివర గుత్తిలా కనిపిస్తే జింకు. చిగురు చచ్చిపోవడం, కాలిఫ్లవర్ కాండం లోపల బోలుగా గోధుమరంగులో ఉండడం బోరాన్ లోపానికి గుర్తులు.

రెండో మెట్టు: లోపం కానివాటిని పక్కన పెట్టాలి

కాపు ముదిరిన టమాటలో అడుగున ఉన్న రెండు మూడు ఆకులు పండి రాలడం సహజం. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగునూ, కిందికి ముడుచుకుంటే నల్లినీ ముందుగా వెతకాలి. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి ఆకు అడుగు భాగాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. టమాటలో చిగురు ముడుచుకొని, ఆకులు చిన్నవైపోయి, చుట్టూ తెల్లదోమ ఎగురుతుంటే అది వైరస్ కావచ్చు, దానికి ఏ పోషకమూ మందు కాదు. ఎంత పెట్టినా మొక్క ఎదగక, మధ్యాహ్నానికి వాడిపోతుంటే ఒక మొక్కను త్యాగం చేసి వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలు ఉంటే అది వేరుబుడిపె నులిపురుగు పని. వేప చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) వేయడం, ఆ చోట కొన్నాళ్లు బంతి పెంచడం అక్కడ చేయవలసినవి. చిక్కుడు జాతి వేళ్ల మీద ఉండే బుడిపెలను చూసి మాత్రం కంగారు పడకండి. గోటితో గీరితే ఊడి వచ్చి, చిదిపితే లోపల గులాబీ రంగు కనిపించేవి నత్రజనిని పట్టి ఇచ్చే మేలైన బుడిపెలు.

మూడో మెట్టు: నీటిని సరిచేయాలి

దున్నని మడిలో పోషకాన్ని విడుదల చేసేది సూక్ష్మజీవులు. అవి తడిలోనే పనిచేస్తాయి. పైన దట్టంగా కప్పిన ఆకులు తడిసి మెరుస్తుంటే లోపల కూడా తడిసిందనుకుంటాం, కానీ పైపుతో పైపైన చల్లిన నీరు ఆ పొరలోనే ఆగిపోయి, రెండంగుళాల కింద మట్టి పొడిపొడిగా ఉండడం ఎండాకాలంలో తరచుగా జరిగేదే. పొరను పక్కకు జరిపి, వేలును లోపలికి దింపి, పిడికెడు మట్టి తీసి నొక్కండి. ముద్దగా నిలిచి, వేలితో తట్టితే విడిపోవాలి. నొక్కినప్పుడు నీరు కారితే ఎక్కువైంది, ముద్ద కట్టకపోతే తక్కువైంది. తడి ఎక్కువైన మట్టిలో గాలి అందక వేరు ఇనుమునూ నత్రజనినీ సరిగా తీసుకోలేదు. అప్పుడు కనిపించే పసుపుకు ఇంకా నీళ్లు పోయడమే చాలామంది చేసే పని, అది మొక్కను మరింత దెబ్బ తీస్తుంది.

టమాట కాయ అడుగున నల్లగా కుళ్లడం కాల్షియం లోపమే, కానీ మట్టిలో కాల్షియం లేనందువల్ల అది రావడం తక్కువ. కాల్షియం నీటితోపాటే పైకి ఎక్కుతుంది. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచెత్తితే పిందెకు అది అందదు. దీనికి కోడిగుడ్డు పెంకుల పొడి వేస్తే ఏళ్ల తర్వాత ఉపయోగపడవచ్చు గాని ఈ కాపుకు పనికిరాదు. రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో నీరు పోసి, పైపొరను రెండు మూడు అంగుళాలు ఉంచితే తర్వాతి గుత్తి కాయలు శుభ్రంగా వస్తాయి. పాడైన కాయ బాగుపడదు, కోసేయండి.

నీరు ఎంత పోస్తున్నామన్నది ఒకటైతే, ఏ నీరు పోస్తున్నామన్నది బెంగళూరులో ఇంకా పెద్ద ప్రశ్న. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరమంతా నీటికి కటకటలాడినప్పుడు ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని మొక్కలకు మళ్లించడం ఎన్నో ఇళ్లలో అలవాటైంది. ఒక్క చుక్క కూడా వృథా కాకూడదన్న ఆ ఆలోచన మెచ్చదగినదే, కానీ ఆ యంత్రంలోకి వెళ్లిన నీటిలోని లవణాల్లో అత్యధిక భాగం ఆ వదిలేసిన నీటిలోనే చేరుతుంది. నేలలో అయితే వానకు కొంత కొట్టుకుపోతాయి. కుండీలో, గ్రో బ్యాగులో అవి పేరుకుపోయి, అంచున తెల్లటి పొరలా తేలతాయి. ఆ తెల్లపొర కనిపిస్తే ఆకు అంచు మాడడానికి పొటాష్ లోపాన్ని కాదు, ఉప్పును నిందించాలి. ఆ నీటిని ఇల్లు తుడవడానికి ఉంచుకొని, కుండీకి వాననీరో కుళాయిలో వచ్చే కావేరి నీరో అడుగు రంధ్రాల నుంచి ధారాళంగా కారేదాకా ఒకసారి పోయండి. అపార్ట్‌మెంటులో శుద్ధి చేసి తోటకు వదిలే మురుగునీటికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బీన్స్‌కు ఉప్పు అసలే పడదు, కనుక అన్నిటికంటే ముందు దెబ్బతినేది అదే.

నాలుగో మెట్టు: పీహెచ్ చూడాలి

పీహెచ్ అంటే మట్టి ఎంత ఆమ్లంగా లేదా క్షారంగా ఉందో చెప్పే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. పైపొర తీసి, మూడు నాలుగు చోట్ల రెండంగుళాల లోతు నుంచి చెంచాడు చొప్పున మట్టి తీసి కలపండి. అందులో 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంటలో రెండు మూడుసార్లు కలిపి, తేరిన నీటిలో పీహెచ్ కాగితం ముంచండి. బ్యాటరీల కోసం అమ్మే నీరు దీనికి సరిపోతుంది. 6 నుంచి 7 మధ్య ఉంటే దాదాపు అన్ని కూరగాయలకూ మంచిది. 7.5 దాటితే ఇనుము, జింకు, మాంగనీసు, భాస్వరం మట్టిలో ఉన్నా వేరుకు చిక్కవు. ఎండిన మట్టి మీద కాస్త వినిగర్ పోసినప్పుడు బుసబుసమని పొంగితే మట్టిలో సున్నం ఉన్నట్టే.

ఇందుకు కరివేపాకును మించిన ఉదాహరణ లేదు. ప్రతి తెలుగింటి కుండీలోనూ ఉండే ఈ మొక్క బెంగళూరు బోరునీటికి ఏడాది రెండేళ్లలో పాలిపోతుంది: చిగురు నిమ్మపండు రంగులో, ఈనెలు మాత్రం పచ్చగా. అది నాటిన మట్టి ఎర్రగా ఉండడానికి కారణం ఇనుమే, అయినా మొక్కకు ఇనుము లేదు. మట్టిలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అది నీటిలో కరిగే మోతాదు వెయ్యో వంతుకు పడిపోతుంది. బోరునీటిలోని బైకార్బొనేట్లు ప్రతి తడికీ ఆ పీహెచ్‌ను కొంత పైకి నెడుతుంటాయి. పుల్ల మజ్జిగ పోస్తే కరివేపాకు తేరుకుంటుందని మన పెద్దవాళ్లు చెప్పే మాటలో నిజం ఉంది, ఆ పులుపు వేరు చుట్టూ కాసేపు ఇనుమును కరిగిస్తుంది. మజ్జిగను పదింతల నీటిలో కలిపి, పదిహేను రోజులకొకసారి పోస్తే చాలు. కానీ మిగతా రోజులన్నీ అదే బోరునీరు పోస్తుంటే ఆ మేలు నిలవదు.

లోపం ఇనుముదే అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లీటరు నీటిలో 1 గ్రాము సిట్రిక్ యాసిడ్, అంటే మనం వాడే నిమ్మ ఉప్పు, ముందుగా కరిగించి, తర్వాత 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ (అన్నభేది అనే ఇనుప లవణం) కలపండి. ఫెర్రస్ సల్ఫేట్ పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి. డబ్బాలో గోధుమరంగుకు తిరిగిపోయినది పనికిరాదు. ద్రావణాన్ని కూడా అప్పటికప్పుడే వాడాలి. దాన్ని సాయంత్రం వేళ చిన్న కుంచెతో రెండు మూడు రెబ్బల మీద మాత్రమే, ఆకు రెండు వైపులా రాయండి. వారం పది రోజుల్లో రాసిన చోట పచ్చదనం వచ్చి, రాయని రెబ్బలు పసుపుగానే ఉంటే రోగం తేలినట్టే.

అప్పుడు చేయవలసింది పీహెచ్‌ను నెమ్మదిగా దించడం. 10 చదరపు అడుగుల మడికి 30 గ్రాముల గంధకం పొడిని పైపొర కింద, తడి మట్టి మీద పలచగా చల్లి, దాని మీద కంపోస్టు కప్పండి. సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది, కాబట్టి పది రోజులకే మళ్లీ వేయవద్దు. దానికంటే మంచి మార్గం వాననీరు పట్టి పోయడం. పెద్ద స్థలాల్లో కట్టిన ఇళ్లకు వాననీటి సంరక్షణను బెంగళూరులో 2009లో తప్పనిసరి చేశారు కనుక చాలా ఇళ్లకు ఆ తొట్టె ఉండనే ఉంటుంది. అందులోంచి కరివేపాకుకు రోజుకో చెంబు కేటాయించడం కష్టం కాదు. పీహెచ్ ఎక్కువున్న మడిలో కట్టె బూడిద, సున్నం వేయడం మాత్రం పూర్తిగా ఆపాలి. పీహెచ్ 5.5 కంటే తక్కువుంటే సమస్య తలకిందులవుతుంది. అక్కడ అదే 10 చదరపు అడుగులకు 100 గ్రాముల డోలమైట్ (ఒక రకం సున్నపురాయి పొడి) పైన చల్లితే కాల్షియం, మెగ్నీషియం రెండూ అందుతాయి.

ఐదో మెట్టు: నత్రజని

కొత్తగా కట్టిన మడిలో మొదటి ఏడాది వచ్చే పసుపు దాదాపు ఎప్పుడూ నత్రజనిదే. కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, పచ్చి ఊక వంటివి మట్టిలో కలిపి మడి కట్టినప్పుడు, ఆ కర్బనాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మొక్క నోటి దగ్గర నుంచి తీసుకుంటాయి. అవే పదార్థాలను మట్టి పైన పరిస్తే ఈ ఇబ్బంది చాలా తక్కువ, ఎందుకంటే అవి మట్టిని తాకేది పైపైనే. ఇక పాత మడుల్లో మే నెల జల్లుల తర్వాత, సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత నత్రజని కొట్టుకుపోయి ఆకుకూరలు ఒక్కసారిగా పాలిపోతాయి.

పైపొరను పక్కకు లాగి, 10 చదరపు అడుగులకు రెండు కిలోల వర్మీ కంపోస్టులో 100 గ్రాముల వేరుశనగ చెక్క పొడి గాని 150 గ్రాముల వేప చెక్క గాని కలిపి, మొక్క మొదలుకు నాలుగంగుళాల దూరంగా పరిచి, తడిపి, మళ్లీ పొర కప్పండి. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం, వేప చెక్కలో సుమారు 5 శాతం ఉంటుంది. ఇక్కడి దుకాణాల్లో కడలెకాయి హిండి, బేవిన హిండి అని అడిగితే వెంటనే తీసి ఇస్తారు. హొంగె హిండి అన్నది మన కానుగ చెక్క, అది కూడా మంచిదే. ఆముదం చెక్కను కుక్కలున్న ఇంట వాడకండి, అది తింటే వాటి ప్రాణానికే ముప్పు. వేరుశనగ చెక్కను కప్పకుండా వదిలితే పందికొక్కులు మడిని తవ్వి పోస్తాయి, మనం తవ్వకుండా కాపాడుకున్నదంతా ఒక్క రాత్రిలో పోతుంది.

త్వరగా ఫలితం కావాలంటే 100 గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీటిలో రెండు మూడు రోజులు నానబెట్టి, పదింతల నీరు కలిపి మొదళ్లలో పోయండి. జీవామృతం వాడేవారు 20 లీటర్ల నీటికి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు తోట మట్టి లెక్కన నీడలో రెండు రోజులు ఉంచి, పూటకోసారి కలిపి, పదింతలు పలుచన చేసి పోయవచ్చు. అయితే జీవామృతాన్ని ఎరువుగా లెక్కించకూడదు. అందులోని పోషకం స్వల్పం. అది కదిలించేది మడిలో ఉన్న జీవాన్ని. కంపోస్టు లేని మడికి అది ఒక్కటే పోస్తూ కూర్చుంటే మొక్క ఆకలి తీరదు.

ఫిల్టర్ కాఫీ పిప్పిలోనూ సుమారు 2 శాతం నత్రజని ఉంటుంది. పలచగా చల్లండి, మందంగా పోస్తే ఎండి పెచ్చుకట్టి నీటిని లోపలికి పోనివ్వదు.

ఆరో మెట్టు: మిగిలినవి

భాస్వరం విషయంలో డిసెంబరు, జనవరి నెలల్లో తొందరపడవద్దు. ఆ రాత్రుల చలికి మట్టి చల్లబడి వేరు భాస్వరాన్ని నెమ్మదిగా తీసుకుంటుంది, అందుకే టమాట నారు ఆకు అడుగున ఊదారంగు వస్తుంది. ఎండ ముదిరేసరికి అదే పోతుంది. ఫిబ్రవరి దాటినా ఉంటే 10 చదరపు అడుగులకు 50 గ్రాముల ఎముకల పొడి కంపోస్టుతో కలిపి పైన వేయండి. ఎక్కువ వేస్తే మైకోరైజా వేరుతో పొత్తు తగ్గించుకుంటుంది, జింకు లోపం కొత్తగా తలెత్తుతుంది.

పొటాష్, మెగ్నీషియం ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అరటి తొక్కల నీళ్లు, గోమూత్రం, బూడిద అన్నీ పొటాష్‌నే పెంచుతాయి. ఇవి ధారాళంగా పడిన మడిలో టమాట కింది ఆకులు ఈనెల మధ్య పసుపెక్కితే అది మెగ్నీషియం అందకపోవడం. వాటిని ఆపి, లీటరుకు 10 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కాల్షియం నిజంగా తక్కువని మట్టి పరీక్షలో తేలితే, పీహెచ్‌ను పెంచని జిప్సమ్ 10 చదరపు అడుగులకు 100 గ్రాములు చాలు, దానితో గంధకమూ అందుతుంది.

బోరాన్‌తో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. లోపానికీ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ. లీటరుకు 1 గ్రాము బోరాక్స్, అదీ కాలిఫ్లవర్ వంటి వాటికి ఒకటి రెండుసార్లు పిచికారీగా. కుండీ మట్టిలో ఎప్పుడూ వేయకండి. జింకు, బోరాన్, మాంగనీసు, ఇనుము కలగలిపి తక్కువున్నట్టు అనిపిస్తే బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా వెజిటబుల్ స్పెషల్ అనే సూక్ష్మపోషక మిశ్రమాన్ని, పంటను బట్టి పొట్లం మీద ఇచ్చిన మోతాదులో, నిమ్మరసం కలిపి పిచికారీ చేయవచ్చు. పూర్తిగా సహజ పదార్థాలకే పరిమితం కావాలనుకునేవారు ఇటువంటి లవణాలను ఇష్టపడరు. మట్టిని సరిచేసే పని నడుస్తుండగా మొక్కను నిలబెట్టే తాత్కాలిక సాయంగా వీటిని వాడడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. మట్టిని సరిచేయకుండా వీటి మీదే ఆధారపడడం మాత్రం తప్పు.

ఏడో మెట్టు: ఆగి చూడాలి

ఒకేసారి నాలుగు రకాలు వేస్తే మొక్క తేరుకున్నా ఎందువల్ల తేరుకుందో తెలియదు. ఒక మార్పు చేసి, ఒక మొక్కను మార్పు లేకుండా వదిలి, రెండింటినీ పోల్చండి. పిచికారీ ఫలితం వారం పది రోజుల్లో, పైన వేసిన చెక్క, కంపోస్టుల ఫలితం మూడు నాలుగు వారాల్లో కనిపిస్తుంది. చూడవలసింది కొత్తగా వచ్చే ఆకులనే. పండిపోయిన పాత ఆకు చాలావరకు తిరిగి పచ్చబడదు, దాన్ని చూసి మళ్లీ ఎరువు వేయడం వల్లే మడులు ఉప్పుబారుతాయి. మార్పు చేసిన రోజు విచ్చుకుంటున్న ఆకు కాడకు దారం కట్టి ఉంచితే, దానిపైన వచ్చిన ఆకులన్నీ ఆ మార్పు తర్వాతవని తేలికగా పోల్చుకోవచ్చు.

నెల గడిచినా దారం పైన ఆకులు అలాగే ఉంటే మట్టి పరీక్షకు ఇవ్వండి. హెసరఘట్ట సంస్థలోనూ, బెంగళూరులోనే జీకేవీకే (గాంధీ కృషి విజ్ఞాన కేంద్ర) ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ ఆ సదుపాయం ఉంది. పైపొర తొలగించి, మడిలో అయిదారు చోట్ల ఆరంగుళాల లోతు వరకు సన్నని గొట్టంతో మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, అరకిలో తీసుకెళ్లండి. గొట్టం చేసిన రంధ్రాలను కంపోస్టుతో నింపేయండి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనంతోపాటు జింకు, బోరాన్, ఇనుము కూడా చూడమని విడిగా అడగండి, మీరు పోసే నీటిని కూడా ఒక సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించండి.